మా ఇంటి కేసుకి పెట్టుకున్న లాయరమ్మ: ఐదుకి నాలుగు

కేసులో నా నంబరు ఏ3. ఏ1 మా తమ్ముడు, ఏ2 మా అమ్మ. పెళ్లయి పదిహేనేళ్లుగా అనకాపల్లిలో కాపురం ఉంటున్న నేను విశాఖ గాజువాకలో పుట్టింటి గొడవకి మూడో ముద్దాయిని ఎలా అయ్యానో కిందికి చెప్తాను. ముందు ఇది ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. మిక్సీ కొనాలంటే నలుగుర్ని అడుగుతాం. ఇంటి మీదకి గృహహింస కేసు వస్తే మాత్రం తలుపులు వేసుకుని, ఎవరికీ తెలియకుండా, ఎవరో చెప్పిన మొదటి లాయరు దగ్గరికి పరిగెడతాం. మేమూ అదే చేశాం. దానికి పాతిక వేలు కట్టాం.

ఇక్కడ ఇద్దరు లాయర్ల గురించి రాస్తున్నాను. ఇద్దరి పేర్లూ రాయను. మొదటాయన పేరు ఎందుకు రాయనో మీకు తెలుసు. రెండో ఆవిడ పేరు రాయకపోవడానికి కారణం వేరే. లాయర్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది, నేను రాసినట్టు తెలిస్తే ముందు నన్నే తిడతారు. ఆవిడ తిట్లు నాకు తెలుసు.

2023 మే నెల. స్టేషన్‌లో కౌన్సెలింగ్‌కి రెండుసార్లు పిలిచారు, వెళ్లాం. మూడోసారి తమ్ముడు నైట్ షిఫ్టని వెళ్లలేదు. వాడు పరవాడ ఫార్మాసిటీలో ఆపరేటరు. ఆ తర్వాత వారానికే ఎఫ్ఐఆర్ అయిందని ఫోను వచ్చింది. 498ఏ, అంటే భార్యని భర్త, అత్తింటివాళ్లు హింసించారనే సెక్షను. దాంతోపాటు వరకట్న నిషేధ చట్టం నాలుగో సెక్షను, కట్నం అడిగారని. నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. నలభై ఎనిమిది గంటలు లోపల ఉంటే సస్పెన్షనే అని మా స్టాఫ్‌రూములో ఎప్పుడో ఎవరి గురించో అనుకున్న మాట ఆ రాత్రంతా చెవిలో మోగుతూనే ఉంది.

మా అమ్మ వాళ్ల వీధిలో ఒకాయన చెప్పిన లాయరు దగ్గరికి మర్నాడు వెళ్లాం. అద్దాల తలుపు, ఏసీ, గోడకి పెద్ద వెంకటేశ్వరస్వామి పటం. ఆయన అరగంట మాట్లాడారు. ఆ అరగంటలో "అసలేం జరిగింది?" అని ఒక్కసారి కూడా అడగలేదు. "రాత్రికి రాత్రి ఎత్తుకుపోతారు. ముగ్గురికీ ముందస్తు బెయిలు వెయ్యాలి, డెబ్బై అయిదు వేలు. ఇప్పుడు పాతిక ఇవ్వండి" అన్నారు. ఇచ్చాం. రసీదు అడిగితే "మన మధ్య రసీదులేంటమ్మా" అని నవ్వారు.

దాంతోపాటు మూడు సలహాలు ఉచితంగా ఇచ్చారు. మరదలు నగలు ఎత్తుకుపోయిందని ఎదురు కేసు పెట్టమన్నారు. ఇల్లు అమ్మ పేరు మీద ఉంది కాబట్టి కోడలికి ఏ హక్కూ లేదు, తాళం మార్చేయమన్నారు. తమ్ముడి జీతం పద్నాలుగు వేలని చూపిద్దాం, కంపెనీ దగ్గర నేను మేనేజ్ చేస్తానన్నారు. ఆ పూట మాకు అవి అమృతంలా వినిపించాయి, అబద్ధమెందుకు. నగలు ఆ పిల్లవే, వాళ్ల నాన్న పెట్టినవే. అది తెలిసి కూడా నేను "నిజమే కదా" అని తలూపాను.

ఆ రాత్రి ఆయన చెప్పినట్టే ఇల్లు వదిలి చోడవరంలో పిన్ని ఇంటికి వెళ్లి దాక్కున్నాం. అమ్మ బీపీ మాత్రలు గాజువాకలోనే ఉండిపోయాయి. అరవై రెండేళ్ల మనిషి, నేల మీద చాప వేసుకుని కూర్చుని, బయట బండి శబ్దం అయినప్పుడల్లా లేచి నిలబడేది.

నాలుగో రోజు మా బడిలో పనిచేసే తోటి టీచరు ఒకావిడ కనబడి, నా మొహం చూసి అడిగింది. చెప్పేశాను. ఆవిడ రెండేళ్ల కిందట తన భర్త మీద ఇదే కేసు వేసిన మనిషి. నాకు లాయరు పేరు చెప్పింది ఆవిడే, తన తరఫున వాదించిన లాయరమ్మ పేరే. "భార్యల తరఫునా చేస్తారు, భర్తల తరఫునా చేస్తారు. కాకపోతే ఆవిడ దగ్గర కథలు చెల్లవు" అంది. మా అమ్మకి ఇది అస్సలు మింగుడు పడలేదు. "ఏటమ్మా, ఆడమనిషా? ఆడదాని మీద ఆడది ఏటి వాదిస్తాది?" అని బస్సులో ఆర్టీసీ కాంప్లెక్స్ వచ్చేదాకా గొణిగింది.

డాబాగార్డెన్స్‌లో జిరాక్సు షాపు మీద రెండో అంతస్తు. లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మతో ముప్పై రెండు మెట్లు ఎక్కాను, లెక్కపెట్టాను కాబట్టి చెప్తున్నాను. పైన ఒక టేబుల్ ఫ్యాను, కేసు కట్టలు, టైపు కొడుతున్న గుమాస్తా. ఆవిడకి యాభై దాటుంటాయి. ఏయూలో లా చదివారట. మొదటిసారి మాట్లాడటానికి ఐదు వందలు. చీటీ ఇచ్చారు. ఆ చీటీ చూడగానే నాకు సగం ధైర్యం వచ్చింది.

ముందు అరెస్టు భయం తీర్చారు. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన అర్నేష్ కుమార్ తీర్పు సంగతి చెప్పారు. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో చెయ్యి పట్టుకుని తీసుకుపోవడం కుదరదు, ఎందుకు అరెస్టు అవసరమో పోలీసులు కారణాలు రాయాలి, అవసరం లేదనుకుంటే ముందు 41ఏ నోటీసు, అంటే విచారణకి రమ్మనే కాగితం, ఇవ్వాలి. "మీరు ఇంట్లో ఉండండి. నోటీసు తీసుకోండి, సంతకం పెట్టండి, రమ్మన్న రోజున వెళ్లండి. దాక్కుంటే, పారిపోయారు కాబట్టి అరెస్టు చేశామని రాసుకోడానికి వాళ్లకి కారణం మీరే ఇచ్చినట్టు" అన్నారు. చోడవరంలో నాలుగు రాత్రులు మేం చేసింది సరిగ్గా అదే. ముందస్తు బెయిలు అవసరమైతే వేద్దాం, ఇప్పుడైతే వద్దన్నారు. నోటీసు వచ్చింది, వెళ్లాం, సంతకాలు పెట్టాం, సాయంత్రానికి ఇంటికి వచ్చాం. ఆ డెబ్బై అయిదు వేలలో మిగతా యాభై అలా మిగిలాయి. (ఇప్పుడు కొత్తగా కేసు పడితే నంబర్లు మారతాయి. 2024 జూలై 1 నుంచి 498ఏ బదులు భారతీయ న్యాయ సంహితలో 85 అంటున్నారు, ఆ నోటీసుకీ కొత్త సెక్షను వచ్చింది. మాది అంతకు ముందుది కాబట్టి పాత పేరుతోనే నడుస్తోంది.)

ఇక అసలు సంగతి. తమ్ముడికి తెల్లకాగితాలు ఇచ్చి, పెళ్లి రోజు నుంచి తేదీల వారీగా మొత్తం రాసుకు రమ్మన్నారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాడు. మరదలు ఎప్పుడెప్పుడు పుట్టింటికి వెళ్లింది, ఎవరెవరితో ఎంతసేపు ఫోన్లు మాట్లాడింది, వంట చెయ్యని రోజులు, అన్నీ ఉన్నాయి. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని నాలుగు పేజీలూ చదివారు. తర్వాత కంప్లైంటు కాపీ తీసి పక్కన పెట్టారు.

"నాగుల చవితి ముందు రోజు రాత్రి ఇందులో లేదేంటి బాబూ?"

వాడు ఫ్యాను వైపు చూశాడు.

"కొట్టావా?"

"లేదు మేడమ్. మాటా మాటా అనుకున్నాం."

"సరే. కొట్టావా?"

"తోశానంతే."

ఆవిడ గుమాస్తాని టైపు ఆపమన్నారు. మమ్మల్నిద్దరినీ బయట బెంచీ మీద కూర్చోమన్నారు. తలుపు దగ్గరికి వేశారు గానీ ఆ తలుపుకి గడియ పడదు. మూడోసారి అదే ప్రశ్న వినిపించింది. వాడేమన్నాడో వినబడలేదు. ఆవిడ మాట మాత్రం వినబడింది. "ఒక్కసారి అంటే? కొట్టినట్టా, కొట్టనట్టా?"

చెంప మీద రెండు దెబ్బలు. డ్యూటీ దిగి తాగి వచ్చిన రాత్రి. ఆ రాత్రి రెండేళ్ల పాప పక్కనే నిద్రపోతోంది. ఇవన్నీ మరదలు కంప్లైంటులో రాసినవే. మేము అప్పటిదాకా "అంతా కల్పించి రాసింది" అని చుట్టాలందరికీ చెప్పుకుంటూ వచ్చినవి.

మళ్లీ లోపలికి పిలిచాక మా అమ్మ ఊరుకోలేదు. "మగోడన్నాక ఓ దెబ్బ ఏసుంటాడు, దానికి కేసులేటమ్మా?" అంది. ఆవిడ పెన్ను కింద పెట్టారు. "దానికేనమ్మా కేసులు. 2005లో చట్టం తెచ్చింది దానికే. ఈ మాట నా దగ్గర అన్నారు కాబట్టి సరిపోయింది" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. అమ్మ ఆ తర్వాత రెండు వాయిదాల వరకు ఆవిడతో మాట్లాడలేదు.

నేను నాలుగు స్టార్లు ఇస్తున్నది ముఖ్యంగా ఆ సాయంత్రానికి. కట్నం సంగతి అబద్ధం. పెళ్లప్పుడు గానీ తర్వాత గానీ మేం అడగలేదు, కంప్లైంటులో ఉన్న ఐదు లక్షల కట్నం మాట వాళ్ల లాయరు చేర్చిందని మా అనుమానం. కానీ దెబ్బ నిజం. మొదటి లాయరు అయితే రెండూ కలిపి "అంతా అబద్ధం" అని ఒకే వాక్యంలో రాసేసేవారు. దెబ్బకి మరదలి దగ్గర కేజీహెచ్ ఆసుపత్రి ఓపీ చీటీ ఉంది, పక్కింటావిడ ఉంది. ఒక అబద్ధం అక్కడ బయటపడితే మేం చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఈవిడ విడదీశారు. "కట్నం అడిగారని వాళ్లు రుజువు చేసుకోవాలి, దాని మీద గట్టిగా పోట్లాడతాను. ఎన్నడూ చెయ్యెత్తలేదని మాత్రం కౌంటర్‌లో, అంటే కోర్టుకి ఇచ్చే మన జవాబులో, రాయను. ప్రమాణం చేసి అబద్ధం రాస్తే అది ఇంకో నేరం. క్రిమినల్ కేసులో నీ మీద నువ్వే సాక్ష్యం చెప్పుకోనక్కర్లేదు, ఆ హక్కు నీకు ఉంది. డీవీసీలో నీ మంచితనం గురించి కథలు మాత్రం చెప్పకు" అన్నారు. మా తమ్ముడి తరఫున నిలబడుతూనే వాడికి తప్పించుకునే దారి ఇవ్వని మనిషిని మా వంశంలో కూడా నేను చూడలేదు.

డీవీసీ అంటే గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ దగ్గర వేసే పిటిషను. ఇది వేరు, 498ఏ వేరు. మాకు రెండూ ఒకటే అనిపించేవి. ఇందులో వెంటనే జైలు లేదు. ఆమెకి రక్షణ, ఉండటానికి చోటు, ఖర్చులకి డబ్బు, పిల్ల ఎవరి దగ్గర ఉండాలి, వీటి మీద కోర్టు ఆర్డర్లు ఇస్తుంది. ఆ రక్షణ ఆర్డరు మీరితే మాత్రం అప్పుడు క్రిమినల్ కేసే. ఏడాది దాకా జైలు, ఇరవై వేల దాకా జరిమానా. ఇది మేం కష్టపడి నేర్చుకున్నాం. మధ్యంతర ఆర్డరు వచ్చాక పాప పుట్టినరోజు వస్తే మా అమ్మ బూరెలు చేసి, ఒక చుట్టం చేత పంపించి, "ఇంక కేసు ఆపుకోమ్మా" అని చెప్పించింది. ఆ మనిషి తిరిగి వచ్చేలోపే మేడమ్ దగ్గర్నుంచి నాకు ఫోను. "బూరెలు పంపావా, రాజీ పంపావా? ఫోను, కబురు, చుట్టం, ఏదీ వద్దని ఆర్డరులో రాసుంది. చదవలేదా? టీచరువి కదా?" అన్నారు. తిట్టు నాకు పడింది, బూరెలు అమ్మవి. ఆ ఆర్డరు కాపీని అప్పుడు మొదటిసారి మొత్తం చదివాను.

ఇంటి సంగతిలో కూడా మొదటాయన చెప్పింది తప్పే. అమ్మ పేరున ఉన్నా సరే, కోడలు ఆ ఇంట్లో కాపురం చేసిందంటే అందులో ఉండే హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇల్లు ఆమెది అయిపోదు, కానీ తాళం మార్చి బయటికి నెట్టడం కుదరదు. మేం ఆ తాళం మార్చి ఉంటే మా మెడకి మేమే ఇంకో ఉచ్చు వేసుకునేవాళ్లం. అదృష్టం, తాళం కొనడానికి వెళ్లిన రోజు షాపు మూసేసి ఉంది.

జీతం గురించి. భరణం అడిగిన కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తులు, ఆదాయాలు అఫిడవిట్ మీద రాసి ఇవ్వాలి, ఇది కూడా 2020లో సుప్రీంకోర్టు చెప్పిందే. తమ్ముడు బేసిక్ ఒక్కటే రాశాడు. ఆవిడ ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తెప్పించి, పెన్సిలుతో ఓవర్‌టైం డబ్బు పడిన ప్రతి చోటా గీత గీశారు. నెలనెలా నాలుగు వేలు కడుతున్న చీటీ పాట కూడా రాయించారు. వాడు బయటికి వచ్చి "ఈవిడ మన లాయరా, వాళ్ల లాయరా" అన్నాడు. కానీ అవతలి లాయరు పే స్లిప్పులు తెప్పించి పట్టుకుందామని చూసిన రోజున పట్టుకోడానికి ఏమీ దొరకలేదు. వాళ్లు ఇరవై వేలు అడిగితే మొత్తం పదకొండు వేలకి ఆర్డరు అయింది, ఏడు మరదలికి, నాలుగు పాపకి. అది ఎక్కువా తక్కువా అని మా ఇంట్లో ఇప్పటికీ గొడవే. నాకైతే సరిగ్గానే అనిపించింది.

ఇప్పుడు ఏ3 కథ. కంప్లైంటులో నా గురించి ఉన్నది ఒక్క లైను: "ఆడపడుచు ఫోనులో భర్తను రెచ్చగొట్టేది." మేడమ్ నా కాల్ లిస్టు అడిగారు. నాగుల చవితి ముందు రోజు రాత్రి పదకొండు నలభైకి మరదలి నంబరు నుంచి నాకు ఫోను ఉంది, నాలుగు నిమిషాలు. ఏం మాట్లాడావని అడిగారు. "వదినా, నన్ను కొట్టారు" అంది ఆ పిల్ల. నేను పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. "వాడు డ్యూటీ దిగి అలిసిపోయుంటాడు, నువ్వే కాస్త సర్దుకోమ్మా, పొద్దున్న మాట్లాడదాం" అన్నాను. పొద్దున్న బడికి వెళ్లిపోయాను. మాట్లాడలేదు.

ఇది చెప్పి "అయితే నా మీద కేసు నిలబడుతుందా మేడమ్?" అని అడిగాను. "రెచ్చగొట్టలేదు కదా, నిలబడదు" అన్నారు. ఇంకో మాట అంటారేమోనని చూశాను. ఫైలు మూసి, తర్వాతి వాళ్లని పిలవమని గుమాస్తాకి చెప్పారు. మెట్లు దిగేటప్పుడు అనిపించింది, ఇంకేదైనా అని ఉంటే బాగుండేదని.

నా పేరు తీయించడానికి నేలపాడులో హైకోర్టులో క్వాష్ పిటిషను వేయించారు. తేదీ, సంఘటన ఏదీ లేకుండా గంపగుత్తగా అత్తింటివాళ్లందరి పేర్లూ చేర్చితే అలాంటి కేసులు నిలబడవని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. మా పిటిషను నడుస్తుండగానే, 2024 డిసెంబరులో, తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో మళ్లీ గట్టిగా చెప్పింది. ఆ తీర్పు కాపీ కూడా జత చేశారు. 2025లో నా మీద కేసు కొట్టేశారు. అమ్మ తరఫున మాత్రం వెయ్యలేదు, ఆమె అదే ఇంట్లో ఉంది, ఆమె గురించి కంప్లైంటులో రెండు సంఘటనలు తేదీలతో ఉన్నాయి. ముందే చెప్పారు, "అమ్మగారికి వేస్తే డబ్బు దండగ" అని. వేసి ఉంటే ఆవిడకి ఇంకో ఫీజు వచ్చేది.

ఇక పోయిన ఒక స్టారు గురించి.

ఆ గుమాస్తా. మనిషి మంచివాడే, కానీ ఫోను ఎత్తడు. ఎత్తినా "మేడమ్ కోర్టులో ఉన్నారండీ" అనే ఒక్క మాటే. 2024 వేసవిలో క్రిమినల్ కేసు వాయిదా 11న అయితే డైరీలో 17 అని రాశాడు. ఆ రోజు మేడమ్ నర్సీపట్నం కోర్టులో ఉన్నారు, మావాడు వెళ్లలేదు, గైర్హాజరు పిటిషను వేసేవాళ్లు లేరు. నాన్‌బెయిలబుల్ వారెంటు ఇచ్చారు. తెలిసిన రోజున మా అమ్మ గుమ్మంలో కూర్చుండిపోయింది. వారెంటు రీకాల్ చేయించారు, ఆ ఖర్చు ఆవిడే పెట్టుకున్నారు, సారీ కూడా చెప్పారు. అయినా ఆ మూడు రోజుల టెన్షన్‌కి సారీ సరిపోదు. అప్పట్నుంచి నేను ఎవరినీ నమ్మకుండా ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు కొట్టి వాయిదా తేదీ నేనే చూసుకుంటున్నాను. మీరూ మొదటి రోజే ఆ నంబరు అడిగి తీసుకోండి. పదహారు అక్షరాలు, అంకెలు కలిపి ఉంటుంది.

ఖర్చులు కూడా చెప్పాలి. డీవీసీకి, క్రిమినల్ కేసుకి కలిపి ఆవిడ ఫీజు అరవై వేలు, నాలుగు విడతల్లో ఇచ్చాం. ప్రతి విడతకీ చీటీ ఉంది. వాయిదాకి ఐదు వందలు "ఖర్చులు" అని గుమాస్తా విడిగా తీసుకుంటాడు, దానికి మాత్రం చీటీ లేదు, అడిగితే మొహం మాడుస్తాడు. హైకోర్టుకి ఆవిడ రారు, అక్కడ వేరే లాయరు, ఇంకో ముప్పై అయిదు వేలు. చట్టంలో డీవీసీని అరవై రోజుల్లో తేల్చే ప్రయత్నం చెయ్యాలని రాసుంది. మాకు పద్నాలుగు నెలలు పట్టింది. అది ఆవిడ తప్పు కాదు గానీ, మొదటి రోజు "ఏడాది పైనే పడుతుంది" అని ఒక మాట అని ఉంటే మా అమ్మ ప్రతి వాయిదాకీ "ఈరోజు అయిపోద్దా" అని అడిగేది కాదు.

ఒకటి మాత్రం ఆవిడే చెప్పారు, చెప్పకపోతే మాకు తెలిసేది కాదు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, కేసు వేసిన ఆడవాళ్లకే కాదు, కేసులో ఇరుక్కున్న ఆడవాళ్లకి కూడా. అంటే మా అమ్మకి, నాకు. "ఫీజు కష్టమైతే అక్కడికి వెళ్లండి, నేనేం అనుకోను" అన్నారు. జిల్లా కోర్టులోనే వాళ్ల ఆఫీసు, 15100కి ఫోను చేసినా చెప్తారు. మేం వెళ్లలేదు, అప్పటికే ఈవిడ అలవాటైపోయారు. కానీ చేతిలో డబ్బు లేకపోతే ముందు అటు వెళ్లండి, వడ్డీకి తెచ్చి లాయరుకి పోయకండి.

చివరికి డీవీసీ ఇద్దరి ఒప్పుదలతో ముగిసింది. తమ్ముడు ఆమె ఇంటికి గానీ పనిచేసే చోటుకి గానీ వెళ్లకూడదు. నెలనెలా అయిదో తారీఖులోపు డబ్బు బ్యాంకులో వెయ్యాలి. రెండో ఆదివారం, నాలుగో ఆదివారం పాపని రెండు గంటలు చూడొచ్చు, వుడా పార్కులో, మరదలి తమ్ముడు తీసుకొస్తాడు. సారె సామాను, నగలు తిరిగి ఇవ్వాలి.

ఆ సామాను ఇచ్చిన రోజు మేడమ్ తన జూనియర్ని పంపారు. ప్రతి వస్తువూ రాసి, ఫొటో తీసి, రెండు వైపులా సంతకాలు పెట్టించాకే బండి ఎక్కించాలని ఆర్డరు. బీరువా, మంచం, వెట్ గ్రైండరు, పద్నాలుగు స్టీలు డబ్బాలు. ఒక డబ్బాలో సగం దాకా ఇంగువ వేసిన కారప్పొడి ఉండిపోయింది, ఆ పిల్ల కొట్టుకున్నది. మా అమ్మ దాన్ని ఖాళీ చెయ్యబోతే జూనియర్ వద్దన్నాడు, "ఉన్నది ఉన్నట్టు ఇవ్వాలండీ". లిస్టులో పన్నెండో నంబరు: "స్టీలు డబ్బా ఒకటి, కారప్పొడితో". దాని కింద మా అమ్మ సంతకం ఉంది.

క్రిమినల్ కేసు తమ్ముడి మీద, అమ్మ మీద ఇంకా నడుస్తోంది. మన రాష్ట్రంలో 2003లో తెచ్చిన సవరణతో పాత 498ఏ కేసుల్లో కోర్టు అనుమతి ఇస్తే రాజీ కావచ్చు, దానికి కూడా మూడు నెలలు ఆగాలి, ఈలోపు ఎవరూ వెనక్కి తగ్గకూడదు. అమ్మ ఇప్పుడు ఆవిడతో బాగానే మాట్లాడుతుంది. మొన్న అనకాపల్లి బెల్లం పట్టుకెళ్లి "మీరే ఆ పిల్లతో ఓ మాట చెప్పండి మేడమ్ గారూ" అంది. బెల్లం తీసుకోలేదు. "రాజీకి రావాలో వద్దో ఆ అమ్మాయి ఇష్టం. ఆమెకి ఆమె లాయరు ఉన్నారు. అబ్బాయి తాగుడు మానాడా?" అని అడిగారు. మానాడనే అమ్మ చెప్పింది. ఆవిడ నా వైపు చూశారు. నేను "తగ్గించాడు" అన్నాను.

వెళ్లాలనుకునేవాళ్లకి: ఎదురు కేసు పెట్టి అవతలివాళ్లని ఏడిపించాలి, జీతం దాచాలి, ఆరు నెలల్లో విడాకులు తెప్పించాలి అనుకుంటే ఈవిడ దగ్గరికి వెళ్లకండి, మెట్లు ఎక్కిన శ్రమ దండగ. పగలంతా కోర్టులోనే ఉంటారు, సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి. ఎఫ్ఐఆర్ కాపీ, వచ్చిన ప్రతి నోటీసు, శుభలేఖ, ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంటు, అన్నీ రెండేసి సెట్లు. జిరాక్సులు కిందే తీయించుకోండి, పైకి వెళ్లాక మళ్లీ దిగమంటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని మొదటి రోజు తీసుకెళ్లకండి. కేసు ఎవరి మీద పడిందో అతన్ని మాత్రం తీసుకెళ్లండి, అతని బదులు అక్కలూ అమ్మలూ వెళ్లి చెప్తే ఆవిడ వినరు.